గది మింగిన స్వరం

ప్రయాణం సగంలో ఉండగా నా సీటు పోయింది. ఎవరూ లాక్కోలేదు. కొండ దారిలో మూడో మలుపు దాటాక ముందు వరసలోంచి ఒకావిడ లేచి, పై కమ్మీ పట్టుకుని వంగి వంగి నడుస్తూ నా దగ్గరకొచ్చి, "పెద్దాయనా, ఒక్క పాట అయ్యేదాకా ఇక్కడ కూర్చోనిస్తారా? మీరు వెళ్ళి నా సీట్లో కూర్చోండి," అంది.

అది పన్నెండు మంది పట్టే అద్దె వ్యాను. నాది వెనక చక్రం మీది సీటు. అక్కడ కూర్చున్నవాడికి రోడ్డు మీది ప్రతి గుంతతోనూ విడివిడిగా పరిచయం అవుతుంది. బస్సుల్లో, లారీల్లో, పడవల్లో యాభై ఏళ్ళుగా తిరుగుతున్నాను. అలాంటి సీటును వదిలించుకోవాలని చూసేవాళ్ళనే చూశాను గాని, బతిమాలి పుచ్చుకున్న మనిషిని చూడలేదు. ఇచ్చేశాను. ఆవిడ కూర్చుని కళ్ళు మూసుకుంది. వ్యానులో పాట మోగుతోంది. అరచెయ్యి సీటుకు ఆనించి, పిల్లవాడి ఒంటి మీద జ్వరం చూస్తున్నట్టు కాసేపు అలాగే ఉంచింది. పాట అయిపోగానే లేచి, ఈసారి తలుపు పక్కనున్న ప్లంబరు దగ్గరకు వెళ్ళి అదే మాట అడిగింది.

"ఏంటమ్మా, కుర్చీలాటా?" అన్నాడతను ఒళ్ళోని పనిముట్ల సంచి సర్దుకుంటూ. "ఆ ఆటలో పాట ఆగినప్పుడు కూర్చోవాలి. నువ్వేమో పాట మొదలైనప్పుడు కూర్చుంటున్నావు."

వ్యానంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "ఆట కాదన్నా, పని," అంది.

"జరిగి సీటివ్వన్నా," అని డ్రైవరు అద్దంలోంచి అరిచాడు. "ఆవిడెవరనుకున్నావ్? దడక్క!"

ఆ పేరు వినగానే ప్లంబరు సంచితో సహా లేచాడు. నాకు ఆ పేరు తెలియదు. పాట వినడమే గాని, పాట వెనక ఎవరున్నారో వెతికే అలవాటు నాకు లేదు. ముందు సీట్లోకి వెళ్ళి పడ్డాను కాబట్టి డ్రైవరే చెప్పాడు.

"పాట కట్టేది ఒకరు, పాడేది ఒకరు, వాయించేది పదిమంది కదా సార్. అన్నీ వేరువేరుగా రికార్డు చేస్తారంట. వాటిని ఒక్కచోట కలిపి, ఏది ఎంత వినపడాలో తూచి పెట్టేది అక్క. ముఖ్యంగా కింది శబ్దం. డ్రమ్ము, బేస్ గిటారు. మా సీట్ల కింద స్పీకరు పెట్టె ఉంటుంది చూశారా, దానికి తిండి పెట్టేది ఆవిడే. ఆవిడ కలిపిన పాటొస్తే గుండెలో దడ పుడుతుంది. అందుకే మేమందరం దడక్క అంటాం."

"మరి ఎందుకలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది?"

"సాయంత్రం ఐదింటికి పాట పంపాలంట. రెండు రకాలుగా కలిపి పెన్ డ్రైవ్‌లో తెచ్చింది. ఒక్కో సీట్లో కింది శబ్దం ఒక్కోలా వినపడుతుందంట, ఏది పంపాలో తేలట్లేదు. తేల్చకపోతే పాట ఇంకొకాయనకి పోతుంది. పాటతో పాటు ఆ సంగీత దర్శకుడి దగ్గర పనంతా పోతుంది. పొద్దున్నుంచి ఇది నాలుగో వ్యానంట."

ఇంతలో ఆవిడ మా వెనకే వచ్చి నిలబడింది. నలభై ఉంటాయేమో. జుట్టు ముడి వేసుకుని అందులో పెన్సిలు గుచ్చుకుంది. "తమ్ముడూ, ఒకటోది పెట్టు. అద్దాలన్నీ మూసెయ్. ఆఁ, ఇప్పుడు రెండోది."

నాకు రెండూ ఒకే పాటలా వినిపించాయి. కాకపోతే రెండోది మోగినప్పుడు కిటికీ అద్దం గిలగిల్లాడింది, ప్లంబరు సంచిలో రెంచీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి.

"ఏది బాగుంది?" అంది.

"నిజం చెప్పనా, నీకు నచ్చేది చెప్పనా?" అన్నాడు డ్రైవరు.

"నువ్వు నిజం చెప్పినప్పుడు చూద్దాం గాని, చెప్పు."

"రెండోదే అక్కా. అది మన దడ. మొదటిది బాగాలేదనను. శుభ్రంగా ఉంది. ఆస్పత్రి వరండాలా ఉంది."

ఆవిడ ముఖం మాడిపోయింది. ఇంక సీట్లు మారలేదు. కనుమ పైకి చేరేదాకా నిలబడే ఉంది.

కనుమ మీద ఇంజను వేడెక్కి ఆగాం. డ్రైవరు బానెట్ ఎత్తి, చల్లారాక నీళ్ళు పోస్తానని, అరగంట పడుతుందని చెప్పాడు. అందరం దిగాం. అక్కడ రాతి పిట్టగోడ ఒకటి, టీ అమ్మే బల్ల ఒకటి, విసిరి కొట్టే గాలి. ఆవిడ గ్లాసు పట్టుకుని పిట్టగోడ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తోంది. టీ తాగడం మరిచిపోయింది. నడిచే మనిషితో మాట్లాడాలంటే పక్కన నడవాలి, అది నాకు చేతనైన పనే.

"నాకు రెండింటికీ తేడా తెలియలేదమ్మా," అన్నాను.

"తేడా ఒక్క స్వరంలో ఉంది బాబాయ్. బేస్ గిటారులో ఒక్క స్వరం. పదేళ్ళు అది నాకు అన్నం పెట్టింది. అది తప్పని నాలుగు నెలల కిందట తెలిసింది."

ఆవిడ కథ నేను విన్న వరసలో కాక జరిగిన వరసలో చెబుతాను, ఎందుకంటే ఆవిడ చెప్పిన వరసకు తలా తోకా లేదు.

మొదట్లో మెమరీ కార్డుల్లోకి పాటలెక్కించే దుకాణంలో పని. వచ్చిన ప్రతి డ్రైవరూ "బేస్ పెంచి ఎక్కించు" అనేవాడు. ఏం పెంచితే ఏమవుతుందో అక్కడే చేతికి తెలిసింది. తర్వాత ఒక రికార్డింగు థియేటర్లో వైర్లు చుట్టడానికి చేరింది. అక్కడి పెద్ద ఇంజనీరు నోరు విప్పితే తిట్టో, పాఠమో వచ్చేది. డ్రమ్ము, బేస్ గిటారు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డ తోడికోడళ్ళు అనేవాడట. ఇద్దరికీ అదే చోటు కావాలి. అందుకని డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిసారీ బేస్‌ను రెప్పపాటు తగ్గించి మళ్ళీ పెంచాలి. వినేవాడికి ఆ తప్పుకోవడం తెలియకూడదు. గాయకుడి గొంతు అడుగున కూడా ఊపిరి, కాలి చప్పుడు, మైకు వణుకు మడ్డిలా పేరుకుంటాయి, దాన్ని కత్తిరించి పారేయాలి. "కింద ఖాళీ ఉంటేనే కింద బరువుంటుంది" అన్నది ఆయన మాట. ఆయన పోయాక థియేటరు మూతపడింది. ఈవిడ సొంతంగా మొదలుపెట్టింది. చోటు? అక్క మొగుడి కొట్టు వెనక గది.

బావగారిది పరుపుల వ్యాపారం. వెనక గదిలో నాలుగు గోడల వెంబడి పైకప్పు దాకా దూది బస్తాలు. మధ్యలో, బల్బు కింద, ఒక బల్లా కుర్చీ పట్టేంత జాగా. లోపల చప్పట్లు కొడితే ఆ చప్పుడు పుట్టిన చోటే చచ్చిపోయేది. ఊళ్ళో మిగతా ఇంజనీర్లు గోడలకు స్పాంజీలు అంటించుకోవడానికి అగచాట్లు పడుతుంటే ఈవిడకు దూది మేడే దొరికింది. "మహారాణిలా కూర్చున్నాను బాబాయ్," అంది. "అక్కడే నాశనమయ్యాను."

మొదటి పాట కలిపినప్పుడే బేస్‌లో ఒక స్వరం నీరసంగా వినపడింది. గిటారు మాస్టారు వేలు సరిగా నొక్కలేదు కాబోలనుకుని ఆ ఒక్కదాన్ని పెంచింది. చాల్లేదు, ఇంకా పెంచింది. పాట వ్యాన్లలోకి వెళ్ళింది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా సీట్లు ఊగిపోయాయి. నెల తిరగకుండా పెద్ద సంగీత దర్శకుడు కబురు పెట్టాడు, "ఆ దడ ఎలా తెప్పించావమ్మా?" అని. ఈవిడ "చేతి వాటం సార్" అంది. ఆ తర్వాత ఏ పాట కలిపినా అదే స్వరం నీరసంగా ఉండేది, అదే స్వరాన్ని పెంచేది, అదే దడ పుట్టేది. పదేళ్ళు.

"అనుమానం రాలేదా?"

"పేరొస్తుంటే అనుమానం ఎందుకొస్తుంది?" అంది. సమాధానం నాకూ తగిలింది. నా తిరుగుడు సంగతిలో నేనూ అలాంటి కొన్ని ప్రశ్నలు వేసుకోలేదు.

నాలుగు నెలల కిందట బావగారు కొట్టు పెంచాలని గది ఖాళీ చేయించాడు. ఈవిడ సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద పొడుగాటి గది ఒకటి తీసుకుంది. అక్కడ తన పాత పాట పెట్టుకుని వింటే ఆ ఒక్క స్వరం పెల్లుబికి మీదికొచ్చింది. కొత్త గది పాడు గది అనుకుంది. హెడ్‌ఫోన్లలో వింది, అదే రంకె. ఇంకెవరి గదిలోనో వింది, అదే. అప్పుడు స్పీకరు పెట్టె చంకన పెట్టుకుని బావగారి కొట్టుకు పరుగెత్తింది. బస్తాలు ఇంకా అలాగే ఉన్నాయి. పాత కుర్చీ చోట నేల మీద కూర్చుని, కింద నుంచి పైకి మెల్లగా పాకే కూతలాంటి శబ్దం ఒకటి పెట్టింది. పాకుతూ పాకుతూ ఒకచోట ఆ శబ్దం మాయమైంది. మళ్ళీ కాస్త పైన ప్రత్యక్షమైంది. మాయమైన దగ్గర ఆపి, లేచి గోడ వైపు మూడడుగులు వేసింది. గోడ దగ్గర అది గుండ్రాయిలా నిలబడి ఉంది.

"ఏమే మరదలా," అన్నాడట బావగారు పరుపు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, "గోడకి చెవి పెట్టావు, పక్కింటివాళ్ళ గుట్టేమైనా దొరికిందా?"

"నా గుట్టే దొరికింది బావా. ఈ గది నాకు పదేళ్ళు అబద్ధం చెప్పింది."

"ఆడలేక మద్దెల ఓడంటారు. నువ్వు బాగా ఆడి కూడా మద్దెలని తిడుతున్నావే!"

గది పొడవు పన్నెండడుగులు. ఆ స్వరం అల పొడవు ఇరవై నాలుగు. సరిగ్గా సగం అల గదిలో ఇమిడి, గోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. పోయేదీ వచ్చేదీ కలిసి గది రెండు కొసల్లో ఉవ్వెత్తున లేస్తాయి, మధ్యలో ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చెరో చివరా పిల్లలు కూర్చుని ఎగిరిపడే బల్లను చూడండి, నడుమ మాత్రం కదలదు. ఈవిడ కుర్చీ ఆ నడుమ మీద ఉంది. దూది పై స్వరాలన్నిటినీ తిన్నది గాని, అంత లావుపాటి అలకు దూది ఒక లెక్కా? అది బస్తాల్లోంచి దర్జాగా నడిచి గోడను తాకి వచ్చింది. వేలు సరిగా నొక్కనిది గిటారు మాస్టారు కాదు.

కింది శబ్దాల సంగతి విచిత్రం. ఏనుగులు మన చెవికి అందని లోతులో కోసుల దూరం మాట్లాడుకుంటాయని ఎక్కడో చదివాను. ఒకసారి పిండిమర పైన గది అద్దెకు తీసుకుని నెల రోజులు హాయిగా నిద్రపోయాను. మర ఆగిన రోజున మాత్రం ఉలిక్కిపడి లేచాను. ఈ ముక్క ఆవిడతో అంటే, "చూశారా, అలవాటైపోతే ఉందో లేదో తెలియదు," అని మళ్ళీ నడక అందుకుంది.

"తప్పు తెలిసింది కదా, దిద్దుకోవడమే," అన్నాను, సలహాలు ఊరికే వస్తాయి గనక.

"దిద్దాను. మూడు పాటలు సరిగ్గా కలిపి పంపాను. మూడూ తిరిగొచ్చాయి. దడ లేదంట. కావాలంటే పాత తప్పుని కావాలనే చెయ్యగలను. రెండోది అదే. తెలియక చేస్తే తప్పు. తెలిసి చేస్తే ఏమంటారు దాన్ని?"

అంతలో సంగీత దర్శకుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గాలికి వినపడదని స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, ఐదు దాటితే పాట అటు వెళ్ళిపోతుంది, చెప్పాను కదా."

"వింటున్నాను సార్. ఇంకొక్కసారి వింటున్నాను."

"ఎన్నిసార్లు వింటావ్? నీ పని నువ్వే మర్చిపోయావా? ఒకప్పుడు నీ పాటొస్తే ఇల్లు అదిరేది. ఇప్పుడు చెప్పుల చప్పుడు కూడా వినపడకుండా నడుస్తోంది నీ బేస్. నాకు దడ కావాలి."

"గిటారు మాస్టారు వాయించిందంతా వినపడాలి కదా సార్..."

"మాస్టారు నాకు ఫోన్ చేసి అడిగాడా? ఐదు." పెట్టేశాడు.

ఆవిడ ఫోన్ వైపు చూస్తూ, "నాకు చేశాడు," అంది మెల్లగా. "ఆ మొదటి పాట రోజుల్లో. 'అమ్మాయ్, నేను ఏడు స్వరాలు మెట్లలా వాయించాను. వ్యానులో ఒకే ఒక్క మెట్టు వినపడుతోంది. మిగతా ఆరు ఎవరెత్తుకుపోయారు?' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? 'జనం ఆ ఒక్క మెట్టు మీదే గెంతుతున్నారు మాస్టారూ, మీకేం లోటు' అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఈ పాటకి కూడా ఆయనే వాయించాడు, ఇదీ ఏడు మెట్లే."

రెండు పాటలూ ఫోన్‌లోనూ ఉన్నాయట. ఒక్క నొక్కుతో పంపేయొచ్చు. ఒకటోదాని మీద వేలు పెట్టింది, తీసింది. రెండోదాని మీద పెట్టింది, తీసింది. టీ గ్లాసు పిట్టగోడ మీద పెడితే గాలికి పడి పగిలింది. అటు చూడనైనా చూడలేదు.

డ్రైవరు నీళ్ళు పోసి, చలికి తట్టుకోలేక వ్యానులో దూరి తలుపులన్నీ బిగించుకున్నాడు. కాలక్షేపానికి పెన్ డ్రైవ్‌లోని పాటే పెట్టుకున్నట్టున్నాడు. గొంతు, వయొలిన్లు, తాళం ఏదీ బయటకు రాలేదు. ఇనుప రేకుల్లోంచి వచ్చింది ఒక్క కింది శబ్దమే. ధమ్. కాసేపాగి, ధమ్.

ఆవిడ నడక ఆపింది. అరగంటలో అదే మొదటిసారి.

"బాబాయ్, ఇది ఏ పాట?"

"ఇప్పటిదాకా విన్నదే అయ్యుండాలి."

"అయ్యుండాలి కాదు. ఇప్పుడు వినపడేది విని చెప్పండి. పాటలా ఉందా?"

"ఎవరో మంచం కోడు కొడుతున్నట్టుంది."

పరుగున వెళ్ళి వ్యాను అద్దం మీద కొట్టి, ఒకటోది పెట్టమని వేలు చూపించింది. డ్రైవరు మార్చాడు. ఈసారి రేకుల్లోంచి వచ్చింది వేరు. మెత్తగా, లోతుగా, ఒకదాని వెనక ఒకటి మెట్లు ఎక్కుతూ దిగుతూ పోయింది. గొంతు లేకపోయినా, మాటలు లేకపోయినా, అది పాటే. నాకు తెలియకుండానే దాంతో పాటు గొణిగాను.

"ఆఁ! అదే! పైకి అనండి."

"దూం, దూం..." ఒక్క క్షణం ఆగి, "దూం. దూం, దూం, దూం," అన్నాను. డెబ్భై దాటిన గొంతు, పైగా చలి. ప్లంబరు, టీ బల్ల ముసలమ్మ నా వైపు జాలిగా చూశారు.

"సగం దారి గాలికే మతి ఎగిరిపోయిందేమో పెద్దాయనకి," అన్నాడు ప్లంబరు.

ఆవిడ వాళ్ళ మాట వినలేదు. నా నోటి వైపే చూస్తోంది. "మళ్ళీ అనండి."

అన్నాను. అలాగే వచ్చింది. రెండు, ఆగడం, నాలుగు.

"మూడోది ఏది?"

"మూడోదా?"

"ఏడుండాలి. మీరు ఆరు అన్నారు. రెండో దాని తర్వాత ఎందుకాగారు?"

"అక్కడ ఏమీ లేదు కదమ్మా. ఊపిరి తీసుకునే చోటనుకున్నాను."

"ఊపిరి కాదు, స్వరం! అదే స్వరం!" అని అరిచినంత పని చేసింది. వ్యాను దగ్గరకు పోయి రేకుకు చెవి ఆనించింది. పాట మొదటికొచ్చింది. ఆవిడ వేళ్ళు రేకు మీద ఒకటి, రెండు అని తట్టి, మూడో దగ్గర గాలిలో ఆగిపోయాయి. మళ్ళీ వింది. మళ్ళీ ఆగిపోయాయి.

తిరిగి వచ్చినప్పుడు ఆ ముఖంలో సంతోషం ఉందో, కోపం ఉందో పోల్చుకోలేకపోయాను.

"భయపడ్డాను," అంది. "పదేళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నానని తెలిసి, ఈ నాలుగు నెలలూ దాన్ని తొక్కేశాను. అది కాస్త పైకి లేస్తే చాలు, పాత రోగం తిరగబెట్టిందనుకుని తగ్గించాను. ఆ మూడు పాటలూ అంతే. అందుకే ఆస్పత్రిలా ఉన్నాయి. వాళ్ళు తిప్పికొట్టింది సరిగ్గా ఉన్నందుకు కాదు."

"అయితే ఇప్పుడు ఒకటోది పంపవా?"

"ఒకటోది తప్పు. రెండోదీ తప్పే. ముందు అందరి చెవులూ పగలగొట్టాను, ఇప్పుడు మాస్టారి మెట్టు విరగ్గొట్టాను."

"మరి ఆయనకు దడ కావాలి గదా?"

"ఏడు మెట్లూ నిలబడితే ఎంత దడ పుడుతుందో అంతే ఉంటుంది. చాలకపోతే అటే ఇచ్చుకోమంటాను. కానీ విని చెప్పాలి కదా, వినకుండా ఏం చెప్పను?" చేతి గడియారం చూసుకుంది. పన్నెండు దాటి పది నిమిషాలు. దిగువన ఆవిడ గదికి రెండు గంటల దారి. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, జుట్టులోని పెన్సిలు తీసి అరచేతి మీద గీత గీసుకుంది. ఎంత పెంచాలో దాని గుర్తు కాబోలు.

"దూం, దూం," అని నేను మళ్ళీ అనబోయాను, ఆ మూడోది దొరుకుతుందేమోనని. నా అంతట నేను వెతుకుతుంటే నాకు దొరకలేదు. ఎక్కడ ఉండాలో తెలిశాక ఆ ఖాళీ ఇంకా పెద్దదై కూర్చుంది. పంటి సందులా నాలుక అక్కడికే పోతోంది. ఆవిడనడుగుదామని తలెత్తాను.

ఆవిడ పక్కన లేదు. రోడ్డు దాటేసింది. దిగువకు పోయే కంకర లారీ ఒకటి మలుపు తిరుగుతూ వేగం తగ్గిస్తోంది.

"అక్కా! పెన్ డ్రైవ్!" అని డ్రైవరు తలుపు తీసి కేకేశాడు. తలుపు తెరుచుకోవడంతో పాట మొత్తం, గొంతూ వయొలిన్లూ అన్నీ ఒక్కసారిగా కనుమ మీదికి వచ్చిపడ్డాయి. ఆవిడ వెనక్కి చూడలేదు. లారీ పూర్తిగా ఆగకముందే మెట్టు మీద కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని, లారీ డ్రైవరుకు ఏదో చెబుతూ లోపలికి ఎక్కింది.